రాతిపిల్లను తెచ్చిన మా మరిది

మా మరిది ఇక లేడని పోయిన వారం బర్మా ఉత్తరాన ఉన్న మిచినా నుంచి తంతి వచ్చింది. మన్యం జ్వరమట. అక్కడి కొండల కిందే దహనం చేసేశారట. మా అత్తగారు తంతి రెండుసార్లు చదివించుకుంది. తరవాత, "ఆడికి సలి అంటే ఇష్టం. అక్కడే ఉండిపోనాడు" అంది.

రంగూన్‌లో మన తెలుగువారిలో కొందరికైనా అతను గుర్తుండే ఉంటాడు. జంతువుల్నీ పక్షుల్నీ సేకరించే ఒక దొరగారి దగ్గర పనిచేసేవాడు. ఆయన కాల్చి తెచ్చినవాటి తోలు ఒలిచి ఇంగ్లీషు సీమలో మ్యూజియానికి పంపడానికి సిద్ధం చెయ్యడం అతని వంతు. కత్తి పట్టినప్పుడు అతన్ని ఎవరూ తొందరపెట్టకూడదు. "చచ్చినదానితోనూ మెల్లగా ఉండాలి వొదినా" అనేవాడు.

రంగూన్ తామ్వే పేటలో మా ఇంటికొస్తే ముందు నూతి దగ్గరే స్నానం. దేవుడి గదిలోకి మాత్రం ఎన్నడూ వచ్చేవాడు కాదు, గడప బయటే దణ్ణం పెట్టుకునేవాడు. చంపింది నువ్వు కాదు కదా బాబూ అంటే, "ఒలిచింది నేనే కదా" అని నవ్వేవాడు.

నాలుగైదేళ్ళ కిందట ఒక ఎండాకాలం, తడిగుడ్డ కప్పిన పెట్టెతో వచ్చి, నూతి వైపు పోకుండా వాకిట్లో కూలబడ్డాడు.

"వొదినా, ఇది బతికున్నాది."

గుడ్డ తీసి చూశాను. పిడికెడంత ప్రాణి. మెత్తటి మట్టిరంగు బొచ్చు, గుండ్రటి చెవులు. దొరలు దాన్ని పికా అంటారట. అతను రాతిపిల్ల అనేవాడు.

"ఎలకని మోసుకొచ్చి పెళ్ళికొడుకులా కూకోబెట్టినావేటిరా!" అంది మా అత్తగారు.

"ఎలక కాదమ్మా, కుందేలికి సుట్టం. తోకే లేదు సూడు. పైపళ్ళ ఎనకాల ఇంకో బుల్లి జత ఉంటాది."

"ఏదీ, నోరు తెరవమను."

అతను నవ్వలేదు. అన్నేళ్ళలో అతని చేతికి ప్రాణంతో వచ్చింది అదొక్కటేనట. చంపొద్దని దొరగారిని బతిమాలుకున్నాడట. సీమకెళ్ళే ఓడ కదిలేదాకా బతికుంటే సీమలో జంతువుల తోటకి పంపుతారు. లేకపోతే తోలే. "ఈ ఒక్కదాన్నీ బతికించుకుంటాను వొదినా" అన్నాడు.

ఎత్తు కొండల మీద, రాళ్ళ సందుల్లో పుట్టిన ప్రాణి అది. మన ఎండ దానికి నిప్పే. మా ఇంట్లో చల్లగా ఉండేది దేవుడి గది రాతి నేల ఒక్కటే. అతను అడగలేదు. నేనే పెట్టె తీసుకెళ్ళి లోపల పెట్టి, తలుపు వేసి దాన్ని వదిలాను. అత్తగారు, "ఇంక నైవేద్యం కూడా దానికే పెట్టు" అని మూతి తిప్పింది.

రోజూ అతను నది అవతలి దలా నుంచి పడవల్లో వచ్చే పచ్చగడ్డి, పొట్టులో చుట్టిన ఐసుగడ్డ తెచ్చి గడప బయటినుంచి అందించేవాడు. అక్కడే కూర్చుని దాని సంగతులు చెప్పేవాడు. గద్ద నీడ పడితే ఈల వేసి రాతి కిందకి దూరిపోతుందట. చలికాలమంతా నిద్రపోదట. గడ్డీ పువ్వులూ కొరికి తెచ్చి, రాళ్ళ కింద కుప్ప పెట్టుకుని, పైన మంచు కప్పేశాక వాటితోనే బతుకుతుందట. అతను చెబుతుంటే నాకు ఆ కొండలు చూసినట్టే ఉండేది.

ఒకనాటి పొద్దున పూజకి వెళ్తే స్వామి పాదాల దగ్గర పువ్వులు లేవు. తులసి దళాలూ లేవు. అన్నీ పీట వెనక కుప్పగా ఉన్నాయి. అత్తగారు తొంగిచూసి, కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది.

"రంగూన్‌లో సలికాలానికి దాసుకుంటున్నాదే, పిచ్చిముండ!"

మా మరిది మాత్రం గడప దగ్గర ఆ కుప్పకేసే చూస్తూ, "బతుకుతానని అనుకుంటున్నాది వొదినా" అన్నాడు.

ఓడ బయల్దేరే రోజు దగ్గర పడింది. గాలి లేని ఒక మధ్యాహ్నం, ఐసు కరిగిపోయి అతను మరో గడ్డకోసం వెళ్ళినప్పుడు, రాతిపిల్ల పీట పక్కన ఒరిగి మరి లేవలేదు. అతను తిరిగొచ్చి నా ముఖం చూశాడు. చేతిలో ఐసు కింద పెట్టి, మొదటిసారి ఆ గడప దాటి లోపలికొచ్చి, రెండు చేతులతో దాన్ని ఎత్తుకున్నాడు.

"ఇంకోడి చేతికి ఇవ్వను" అని అరుగు మీద కత్తి పట్టుకుని కూర్చున్నాడు. అంత మెల్లగా అతను పనిచెయ్యడం నేనెప్పుడూ చూడలేదు. తోలుకి మందు రాశాక, లోపల కూరడానికి సంచిలోంచి గింజ నలకలున్న ముతక పత్తి తీశాడు.

అప్పటిదాకా స్తంభానికి ఆనుకుని ఉన్న మా అత్తగారు లేచి లోపలికెళ్ళింది. లక్షవత్తుల నోముకని ఏరి, విడదీసి, ఎవరినీ ముట్టనివ్వకుండా దాచుకున్న పత్తి తెచ్చి కొడుకు ముందు పెట్టింది.

"ఇది పెట్టరా. అది గుచ్చుకుంటాది."

అతను తల ఎత్తలేదు. చిటికెడు చిటికెడు తీసి కూరాడు. కుట్టాక వేలికొసతో చెవులు ఒక్కొక్కటీ గుండ్రంగా సర్దాడు. ఓడ దాన్ని తీసుకుపోయింది.

సీమలో ఏదో చల్లటి గదిలో, మూసిన అరలో అది ఇప్పటికీ ఉండే ఉంటుంది, అతను సర్దిన చెవులతో, కడుపులో మా అత్తగారి దీపాల పత్తితో.