మా మామ జనరేటర్, మా పాప నీళ్లు

మా ఊర్లో కల్యాణ మండపాలు రెండు. బస్టాండు దగ్గరున్న మండపంలో జనరేటర్ గాలికి చల్లారేది. మా మండపంలోది నీళ్లతో చల్లారేది. ఈ తేడా వివరించడానికి మా మామకు ఒక పూట పడుతుంది. మండపం అడగడానికి వచ్చినవాళ్లకు హాలు కంటే ముందు, వెనక రేకుల షెడ్డులో జనరేటర్‌ను చూపిస్తాడు. "వాళ్లది వట్టి గాలి బండి. మాది నీళ్లు తాగే బండి" అంటాడు. వచ్చినవాళ్లు మా తనకల్లు చుట్టుపక్కల మెట్ట పల్లెల వాళ్లు. బిందె నీళ్ల కోసం బోరింగు దగ్గర జుట్లు పట్టుకున్నవాళ్లు. నీళ్లు తాగే ఇంజన్‌ను ఇంట్లో పెట్టుకుని సాకుతున్నాడంటే ఈయన ఎంత ఉన్నవాడో వాళ్లకు చెప్పకుండానే అర్థమవుతుంది. ఆ తర్వాత బాడుగ బేరం ఆడడానికి నోరు రాదు.

నేను గుంతకల్లు రైల్వే కాలనీలో పెరిగాను. అక్కడ కొళాయి తిప్పితే వచ్చేవి నీళ్లు. నీళ్లలో కులాలుంటాయని కాపురానికి వచ్చాకే తెలిసింది. బోరు నీళ్లు ఉప్పు, అవి స్నానానికి, గిన్నెలకు. వీధి కొళాయి నీళ్లు వచ్చిన రోజు వస్తాయి, అవీ ఊరి బయటి బోరువే, తాగడానికి. వాన నీళ్లు అన్నింటికంటే పైన. మేడ మీది నుంచి గొట్టం గుండా నీలం డ్రమ్ములోకి దిగుతాయి. డ్రమ్ముకు మూత, మూతకు గొలుసు, గొలుసుకు తాళం. ఆ నీళ్లు జనరేటర్‌వి. రేడియేటర్‌లో ఉప్పు నీళ్లు పోస్తే లోపలి గొట్టాలకు గార పడుతుందని జనరేటర్‌తో వచ్చిన ఇంగ్లీషు పుస్తకంలో ఉందట. ఎవరో చదివి చెప్పారు. ఆ పుస్తకం మొత్తంలో మా మామ మనసుకు పట్టింది ఆ ఒక్క ముక్కే.

పెళ్లిచూపుల్లో మా ఆయన ఒక్కసారి కూడా నవ్వలేదు. ఎంత గంభీరమైన మనిషో అని మా ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు. పెళ్లయ్యాక చూస్తే ఆయన బాగానే నవ్వుతాడు, కొత్తవాళ్ల ముందు మాత్రమే పళ్లు బయట పెట్టడు. పళ్ల మీద అడ్డంగా ఇటుక రంగు చారలు. అత్తకు అవే చారలు, మామకు అవే. బోరు నీళ్లలోని ఫ్లోరైడు వల్ల అలా అవుతుందని డిగ్రీలో చదువుకున్నాను. చదువుకుని వచ్చి, అవే నీళ్లు తాగడం మొదలుపెట్టాను.

పాప పుట్టాక మాత్రం నాకు భయం పట్టుకుంది. నిద్రపోతున్న బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునే రకం నేను. పాపకు తిండి, నీళ్లు అలవాటు చేసే వేళకు కదిరి డాక్టరమ్మను అడిగాను. "బోరు నీళ్లు వద్దు. వాన నీళ్లు దొరికితే కాచి తాపించండి. పళ్లొక్కటే కాదు, ఎముకలకూ మంచిది కాదు" అన్నారు. ఇంటికి వస్తూనే నా చూపు నీలం డ్రమ్ము మీద పడింది.

"మామా, పాపకు ఆ డ్రమ్ములో నీళ్లు రోజుకు ఒక చెంబు కావాల" అన్నాను.

"అవి జనరేటర్‌వి కదమ్మా."

"పాప పళ్లు పాడవుతాయని డాక్టరమ్మ..."

"రాని పండ్ల మాట ఇప్పుడెందుకు? మేమంతా ఈ నీళ్లే తాగినాం. ఏమైంది మాకు?" అని మామ నోరారా నవ్వాడు. ఏమైందో నాకు వరుసగా కనబడింది.

అత్త ఆయన వైపే మాట్లాడింది. "ఇంజన్ చెడిపోతే అనంతపురం నుంచి మేస్త్రీ రావాల. బిడ్డకేమైనా అయితే కదిరిలోనే డాక్టరమ్మ ఉండాది."

మా ఆయన బడిపంతులు. పిల్లలందరికీ న్యాయం చెప్పే మనిషి. "నాయనతో నేను మాట్లాడతా" అన్నాడు. మాట్లాడి వచ్చి, "నీతో ఏమన్నాడో నాతో కూడా అదే అన్నాడు" అని తేల్చేశాడు.

ప్రతి శుక్రవారం పొద్దున మామ తలస్నానం చేసి షెడ్డు తాళం తీసేవాడు. రేడియేటర్ మూతకు బొట్టు పెట్టి, ఊదుబత్తి తిప్పి, మూత తీసి వాన నీళ్లు పోసేవాడు. నీళ్లు అంచుదాకా వచ్చి, పొర్లి, కింద కారాలి. అప్పుడుగానీ ఆయన చెయ్యి ఆగదు. "తాగి తేంచాల" అనేవాడు. కారిన నీళ్లకు మా కోళ్లు షెడ్డు ముందు కాచుకుని ఉండేవి. మా ఇంట్లో వాన నీళ్లు ముందు జనరేటర్‌కు, తర్వాత కోళ్లకు. మనుషుల వంతు ఇంకా రాలేదు. ఆ పైన ఇంజన్‌ను కాసేపు ఊరికే తిప్పి ఆపేసేవాడు. మళ్లీ శుక్రవారం మూత తీస్తే నీళ్లు కొంచెం దిగి ఉండేవి. "చూడు, ఎట్ల తాగిందో!" అని మురిసిపోయేవాడు. గిన్నె ఖాళీ చేసిన పాపను చూసి కూడా ఆయన అంత మురిసింది నేను చూడలేదు.

దేవుని గూట్లో పసుపు పూసి పెట్టిన ఆ ఇంగ్లీషు పుస్తకాన్ని ఒక మధ్యాహ్నం దించి చదివాను. నీళ్లు వేడెక్కితే పొంగుతాయి, కాబట్టి అంచు కింద రెండు వేళ్ల చోటు వదలాలని రాసి ఉంది. వదలకపోతే ఎక్కువైన నీళ్లు పక్క గొట్టంలోంచి బయటికి పోతాయి. అంటే మా జనరేటర్ వారం వారం తాగడం లేదు, కక్కుకుంటోంది.

ఈ మాట మామతో అంటే ఆయనకు కోపం వస్తుందిగానీ నాకు నీళ్లు రావు. అందుకని ఇంకో మాట అన్నాను. "మామా, మీకు నడుము పట్టేస్తాండాది కదా. జనరేటర్ పని నేను చూసుకుంటా."

మామ నన్ను పైనుంచి కిందికి చూశాడు. "ఆయిల్ ఎట్ల చూస్తావు?"

"కొలిచే పుల్ల బయటికి తీసి తుడిచి, మళ్లీ లోపల పెట్టి, అప్పుడు తీసి చూస్తా."

"ముందే తుడిచేదెందుకు?"

"ముందు అంటుకున్న ఆయిల్ అబద్ధం చెప్తాది మామా."

ఆయన ఎప్పుడూ తుడిచినట్లు లేదు. కాసేపు మీసం దువ్వుకున్నాడు. అత్త మాత్రం ఒప్పుకోలేదు. "మసి చేతులతో బిడ్డకు పాలిస్తావా? పెండ్లిండ్ల సీజన్‌లో దాన్ని చెడగొడితే ఏం గతి?"

"సబ్బు ఉండాది కదత్తా."

"గమ్మునుండవే" అని మామ అత్తనే కసిరాడు. "బీయస్సీ చదివిన పిల్ల. అవతల మండపంలో బీయస్సీ యాడుండాది?" షెడ్డు తాళం, డ్రమ్ము తాళం ఒకే గుత్తిలో ఉండేవి. ఆ గుత్తి నా చేతికి వచ్చింది.

అప్పటి నుంచి నాకు ఇద్దరు బిడ్డలు. పెద్దదానికి శుక్రవారాలు సేవ. గాలి ఫిల్టరు విప్పి తట్టితే ఎర్రమట్టి రాలేది. బ్యాటరీ కొనల మీద పూసిన తెల్ల బూజును వేడినీళ్లతో కడిగి, తుడిచి, వ్యాజిలీను రాసేదాన్ని. బెల్టును బొటనవేలితో నొక్కి వదులైందేమో చూసేదాన్ని. రేడియేటర్ రెక్కల సందుల్లో ఇరుక్కున్న కోడి ఈకలను బ్రష్షుతో లాగేసేదాన్ని. నీళ్లు రెండు వేళ్లు తక్కువగా పోసి మూత బిగించేదాన్ని. ఇక ఊరికే తిప్పడం ఇంజన్‌కు మంచిది కాదని పుస్తకంలో ఉంది కాబట్టి, హాల్లో లైట్లు, ఫ్యాన్లు అన్నీ వేసి తిప్పేదాన్ని. మొదటిసారి అత్త పరిగెత్తుకొచ్చింది. "ఎవురికే పెండ్లి? దయ్యాలకా?" రోడ్డు మీద పోయే పెద్దాయన ఒకరు చెప్పులు విడిచి లోపలికి వచ్చి, "ఆడపెండ్లివారా అమ్మా, మొగపెండ్లివారా?" అని అడిగి భోజనాల వైపు చూశాడు.

పొగ రాని వైపు చూసుకుని, షెడ్డుకు దూరంగా చీర ఉయ్యాల కట్టేదాన్ని. గాలి తిరిగితే ఉయ్యాలనూ మార్చేదాన్ని. అయినా పొగ తగులుతుందేమోనని సగం పనిలో లేచి వెళ్లి ముక్కు దగ్గర వేలు పెట్టి వచ్చేదాన్ని. పాప మాత్రం ఆ మోతకే హాయిగా నిద్రపోయేది.

నేను మొదటిసారి నీళ్లు పోసిన మరుసటి శుక్రవారం మూత తీశాను. నీళ్లు పెట్టినచోటే ఉన్నాయి. ఆ పై శుక్రవారం కూడా అంతే. కోళ్లు వచ్చి, నా మొహం చూసి వెళ్లిపోయాయి. ఆ రోజు నుంచి పాపకు డ్రమ్ము నీళ్లు కాచి చల్లార్చి తాపించాను. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. తాళాలు నా కొంగున ఉన్నంత కాలం పాపకు నీళ్లుంటాయి. నాకు తెలిసిన లెక్క అదొక్కటే.

ఆ ఎండాకాలం ఒక సాయంత్రపు పెళ్లి. భోజనాలు మొదలు కాకముందే కరెంటు పోయింది. జనరేటర్ వేశాను, మండపమంతా వెలిగింది. మామ గుమ్మంలో నిలబడి, ఆ వెలుగంతా తన ఒంట్లోంచి వస్తున్నట్లు చూసుకుంటున్నాడు. రేడియేటర్ వేడి గాలి బయటికి పోవడానికి షెడ్డు గోడకు ఇనుప జాలీ ఉంది. ఆ రోజు భోజనాల బంతులు ఎక్కువై, జాలీకి ఎదురుగా కూడా విస్తళ్లు వేశారు. అక్కడ కూర్చున్నది పెళ్లికొడుకు మేనమామ.

"ఏమప్పా, నన్ను భోజనానికి పిలిచినారా, కాల్చను పిలిచినారా? ఈ గాలేంది?" అని ఆయన అరిచాడు. మామ జంపఖానా తెప్పించి జాలీ మీద నిండుగా కట్టించాడు. మేనమామ చల్లగా పాయసం అందుకున్నాడు. నేను లోపల పాపకు అన్నం తినిపిస్తున్నాను. ఇదంతా నాకు తెలియదు.

మాంగల్యం చేతికి తీసుకునే వేళకు లైట్లన్నీ ఆరిపోయాయి. వేడి మితిమీరితే తనంతట తాను ఆగిపోయే ఏర్పాటు ఉంది ఆ ఇంజన్‌కు. నేను పాపను చంకనేసుకుని టార్చితో షెడ్డుకు పరిగెత్తాను. వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటి ఉంది. రేడియేటర్ కుతకుతమంటోంది. నా వెనకే మామ, ఆయన వెనక సగం పెళ్లి.

"దప్పికైంది దానికి! డ్రమ్ము తీయి, నీళ్లు బిరీన!" అని మామ మూత మీద తుండుగుడ్డ వేశాడు.

"మామా, మూత ముట్టుకోవద్దు! ఆవిరి మొహాన కొడ్తాది."

"తాళం ఈయి."

ఇస్తే బిందెలు బిందెలుగా ఇంజన్ మీద కుమ్మరిస్తారు, డ్రమ్ము ఖాళీ అవుతుంది, మళ్లీ వాన ఎప్పుడో. ఇవ్వకపోతే తాళాలే పోతాయి. కొంగు ముడి గట్టిగా పట్టుకున్నాను. "ఈయను మామా."

చీకట్లో మేనమామ గొంతు వినిపించింది. "ఏం సామీ, మీ ఇంట్లో కోడలు చెప్పిందే చట్టమా?"

మామకు అది తిట్టు కంటే ఎక్కువ. అప్పుడే నా టార్చి జాలీ మీద పడింది. గాలి ఆడాల్సిన చోట చారల జంపఖానా. "దానికి దప్పిక కాదు మామా, ఊపిరి ఆడలేదు" అని ఒంటి చేత్తో లాగాను, రాలేదు. అత్త వచ్చి, "బిడ్డను పట్టుకోని ఏం లాగుతావే, జరుగు" అని రెండు చేతులా పీకి పారేసింది. ఆ జంపఖానా అత్త పుట్టింటి నుంచి తెచ్చుకున్నదట. దాన్ని గోడకు మేకులు కొట్టి కట్టినందుకే ఆమెకు కోపం.

ఇంజన్ చల్లారేదాకా ఎవరూ ముట్టుకోకుండా అడ్డంగా నిలబడ్డాను. ముహూర్తం మాత్రం ఆగదు కదా. ఎవరో మోటార్‌సైకిల్‌ను మెట్లెక్కించి పందిరి ముందుకు తెచ్చి హెడ్‌లైటు వేశారు. ఆ వెలుగులో తాళి కట్టారు. ముల్లు కిందికి దిగాక మళ్లీ స్టార్టు చేశాను. మొదటి తిప్పుకే అందుకుంది. వేడి గాలి మళ్లీ జాలీలోంచి వీచింది. మళ్లీ విస్తరి ముందుకు చేరిన మేనమామ చెయ్యి కడుక్కోవడానికి లేచిపోయాడు.

మరుసటి రోజు పొద్దున్నే మామ చెయ్యి చాపాడు. "తాళాలు." ఇచ్చాను. ఆయన షెడ్డులోకి వెళ్లి మూత తీశాడు. నీళ్లు రెండు వేళ్లు తక్కువగా ఉన్నాయి. డ్రమ్ము తీసి చూశాడు. సగానికి దిగి ఉంది. అటూ ఇటూ రెండుసార్లు చూసి బయటికి వచ్చాడు.

"ఇది తాగింది రెండు వేళ్లే. మరి నీళ్లు యాడికి పోయినాయి?"

"పాప తాగింది."

అత్త చేటలో బియ్యం చెరగడం ఆపేసింది. పాప కింది పెదవి వేలితో దించి చూపించాను. రెండు పళ్లు, అప్పుడప్పుడే మొలిచినవి. మామ వంగి, కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు. "మల్లెమొగ్గలట్ల ఉండాయే" అన్నాడు. నీళ్ల మంచీ చెడూ తేలేది పాలపళ్ల దగ్గర కాదని, తర్వాత వచ్చే పళ్ల దగ్గరని, ఇంకా ఏళ్లు పడుతుందని నాకు తెలుసు. బీయస్సీ చదివిన పిల్లనైనా ఆ పూట గమ్మునున్నాను. ఆయన తాళాల గుత్తిని నా చేతిలో కాదు, పాప చేతిలో పెట్టాడు. పాప దాన్ని నోట్లో పెట్టుకోబోతే లాక్కుని, డెట్టాలుతో కడిగాను.

సాయంత్రానికి మామ బజారు కట్ట మీద చెప్పేశాడు. "మా మనవరాలు జనరేటర్ నీళ్లు తాగి పెరుగుతాంది. పండ్లు చూడాలప్పా ఎట్లుండాయో!" అవతల మండపం ఆయన గాలిని బిడ్డకు ఎట్లా తాపిస్తాడు?

నాలుగు రోజులకు గొర్రెలు మేపే వాళ్ల ఇంటి కోడలు వచ్చింది. చంకలో బిడ్డ, చేతిలో స్టీలు చెంబు. "అక్కా, ఇంజన్‌లో నీళ్లు రోంత పోస్తావా, నా బిడ్డకు పండ్లొస్తాండాయి."

చెంబుకు చెయ్యి అడ్డం పెట్టాను. "ఇంజన్‌లోవి కాదమ్మా! అవి తాపొద్దు! డ్రమ్ములోవి, వాన నీళ్లు."

"ఏవైనా కానీ అక్కా."

అత్త గుమ్మంలోంచే అందుకుంది. "ఈరోజు ఒకరికి పోస్తే రేపు ఊరంతా వస్తాది. మన బిడ్డకు యాడుండాయే?" ఆమె మాట అబద్ధం కాదు. ఆకాశం ఇత్తడి తట్టలా ఉంది. డ్రమ్ములో నీళ్లు తొలకరిదాకా పాపకు సరిపోతాయో లేదోనని రోజూ మూత తీసి చూసుకుంటున్నాను. ఆ బిడ్డ నా వైపు చూసి నోరు తెరిచింది. చిగుళ్లు మాత్రమే ఉన్నాయి. చెంబు సగం నింపాను. అత్త చూస్తుండగానే మిగతాదీ నింపాను.

ఆమె చెంబును కొంగుతో కప్పుకుని, గేటు దాకా పోయి వెనక్కి తిరిగింది. "అక్కా, దీన్ని కాచితే పవర్ పోదా?"

"పోదు. కాచే తాపించు."

నమ్మినట్లు లేదు. రేపు మళ్లీ వస్తానంది.