పై మీటలు

లెన్ పాస్క్ చెవులు ఎప్పుడు పోవడం మొదలుపెట్టాయో ఆయనకే తెలియదు. ఇంగ్లండులోని లీడ్స్‌లో మా రికార్డింగ్ స్టూడియో ఒకప్పుడు ప్రార్థన మందిరం. అక్కడి పియానోకు ఇరవై రెండేళ్లు శ్రుతి చేసింది ఆయనే. మొదట్లో కీర్తనలు, పిల్లల బృందగానాలు. తర్వాత జుట్టు పెంచుకున్న కుర్రాళ్లు ఎలక్ట్రిక్ గిటార్లు మోసుకుని వచ్చారు.

రాక్ పాటలో పియానో బతకడం కష్టం. రెండు గిటార్లు, డ్రమ్ములు కలిసి గోడ కడతాయి. ఆ గోడకు పైన సన్నటి సందు మిగులుతుంది. కుడిచేతి చివరి మీటలు గాజు పగిలినట్టు మోగితేనే పియానో అందులోంచి బయటపడుతుంది. అందుకని లెన్ పియానో లోపల తీగలను కొట్టే సుత్తుల మెత్తటి ఉన్నికి లక్క పూసి గట్టిపరిచేవాడు. వాయించేవాళ్లు బాదే బాదుడుకు తీగలు సడలిపోయేవి. ఒకసారి రికార్డు చేశాక మళ్లీ మొదలుపెట్టేలోగా వాటిని బిగించడానికి పియానో పక్కనే, గిటార్ల స్పీకర్లకు ఎదురుగా, పీట వేసుకుని కూర్చునేవాడు. పదేళ్లు అలా కూర్చున్నాడు. తెల్లవారుతుంటే వీధి దీపాలు ఆరినట్టు పై స్వరాలు ఒక్కొక్కటే ఆయనలో ఆరిపోయాయి. వాటి చోట చెవుల్లో ఆగని ఒక ఈల మిగిలింది.

టేపు యంత్రం నడిపే నాకొక్కదానికే ఆ సంగతి చెప్పాడు. డాక్టరు చిన్న గదిలో కూర్చోబెట్టి, పై స్వరాలు వినబడినప్పుడు చెయ్యెత్తమన్నాడట. చెయ్యి ఒళ్లోనే ఉండిపోయిందట.

"ఇది బయటపడితే, మాడ్జ్, నన్ను పియానో మూతైనా ముట్టనివ్వరు," అన్నాడు.

ఆయనకు ఇంకో పని రాదు. ఇంకో ప్రేమా లేదు. పై మీటలను చేతి అలవాటు మీద బిగించేవాడు. చాలాసార్లు సరిపోయేది.

పంతొమ్మిది వందల డెబ్బై మూడు నవంబరులో నెవిల్ అనే గిటార్ కుర్రాడి రాక్ బృందం వచ్చింది. గిటార్లు, డ్రమ్ములు వేరే ఊళ్లో ముందే టేపుకెక్కించారు. పియానో ఒక్కటే మిగిలింది. అలాంటప్పుడు శ్రుతి చేసే మనిషి ముందు టేపు వినాలి. ఒక్కో యంత్రం ఒక్కో వేగంతో తిరుగుతుంది, పాట వెంట్రుకవాసి పైకో కిందికో జరిగి ఉంటుంది. ఆ నియమం మాకు నేర్పింది లెనే. ఆ ఉదయం ఈల మరీ ఎక్కువగా ఉంది. స్పీకర్ల ముందు నిలబడలేక, టేపు వినకుండా, జేబులోని శ్రుతిదండాన్ని, ఎప్పుడూ ఒకే స్వరం పలికే ఉక్కు కడ్డీని, నమ్ముకుని పియానో మొత్తం బిగించేశాడు.

వాయించడానికి వచ్చింది గ్లెనిస్ ఓరెల్. వేల్స్‌లో గని కార్మికుడి కూతురు, పొట్టి మనిషి. పది క్షణాలు వాయించి చేతులు తీసేసింది. శ్రుతిలో పాట పైనుంది, పియానో కిందుంది.

"పెద్దాయనా, శ్రుతి చేసింది మా పాటకా, మీ చర్చి పాటకా?" అన్నాడు నెవిల్ టేపు యంత్రం గది అద్దం అవతల నుంచి.

ఒంటిగంటకు గ్లెనిస్ వెళ్లిపోవాలి. చేతిలో ఉన్నది గంటన్నర, తీగలు రెండు వందల పైన. లెన్ కోటు విప్పి కింది స్వరాల నుంచి మొదలుపెట్టాడు. మధ్య దాకా చెయ్యి తడబడలేదు. పైకి వచ్చేసరికి ఆగింది. మీట నొక్కాడు. మళ్లీ నొక్కాడు. మంచు కురిసిన పొలంలో ఎవరినో పిలుస్తున్నవాడి ముఖం అది. ఒక తీగ తెగి మణికట్టు మీద కొట్టింది. రక్తం తుడుచుకుని మళ్లీ నొక్కాడు.

గ్లెనిస్ వంగి, ఆయన ముఖంలోకే చూస్తూ, చిట్టచివరి మీట ఒకటి తనే నొక్కింది. ఆ ముఖంలో ఏదీ కదల్లేదు.

"చాల్లెండి, లెన్. సరిపోయింది," అంది.

పై మీటలు సరిపోలేదు. నాకు వినబడుతోంది.

పాట మధ్యలో టేపు మీది గిటార్లు, డ్రమ్ములు ఆపేయమని ఆమె నాతో చెప్పింది. ఆ ఖాళీలో తను ఒంటరిగా వాయిస్తానంది. నెవిల్‌కు మండింది, అంతసేపూ స్టేజి మీద తనేం చెయ్యాలని అడిగాడు.

"టీ తాగు బాబూ," అంది గ్లెనిస్.

గోడ ఒక్కసారిగా లేకుండా పోయింది. రెండు చేతులూ మీటల నడుమ, కింద, గనిలోకి దిగే దీపాల్లా నెమ్మదిగా నడిచాయి. ఒక్కసారి కూడా పైకి పోలేదు. పీట మీద కూర్చున్న లెన్ ఆమె వీపు వైపు చూస్తున్నాడు.

ఫిబ్రవరిలో స్టూడియో ఎదుటి కాఫీ కొట్టు రేడియోలో ఆ పాట వచ్చింది. పాటలో పియానో ఒంటరిగా మోగే చోట లెన్ కప్పు కింద పెట్టి కళ్లు మూసుకున్నాడు. పాటయ్యాకే తెరిచాడు.

"మొత్తం వినబడింది, మాడ్జ్. ఒక్కటీ జారిపోలేదు," అన్నాడు.

నేను పళ్లెం వైపు చూశాను.

"గ్లెనిస్ పై మీటలూ వాయించింది, నాకే వినబడలేదు. అవునను."

ఆ ఒక్క అబద్ధం కోసం ఆయన బల్ల అంచు పట్టుకుని వేచి చూశాడు.

"వాయించలేదు, లెన్."

తలూపాడు. కోటు లోపలి జేబులోంచి తీగలు బిగించే తాళంచెవి తీశాడు. చెక్క పిడి ఆయన అరచేతి ఆకారానికి అరిగిపోయి ఉంది. దాన్ని నా కప్పు పక్కన, చప్పుడు కాకుండా, పెట్టాడు.