గంజి వార్చిన చేయి

ఉప్పాడ దగ్గర ఆరోగ్య కేంద్రంలో నర్సుగా చేరిన కొత్తలోనే పెద్దింట్లమ్మ మీద నాకు కోపం వచ్చింది. ఆవిడ బాలింతలకు పథ్యం వండే మనిషి. జాలరిపేటలో ఎవరు పురుడు పోసుకున్నా మూడు నెలలు ఆవిడదే వంట. పప్పు వద్దు, గుడ్డు వద్దు, చేప వద్దు. తెల్లగా మర పట్టించిన బియ్యం, వెల్లుల్లి కారం, అంతే. ఇంటి ముందు బుట్టల నిండా చేపలుంటాయి, లోపల బాలింత మాత్రం వట్టి అన్నం తింటుంది. నేనెంత అరిచినా, "మీరు చదువుకున్నోరండి, మేం కన్నోళ్లమండి" అని నవ్వేసేది. నేను పెళ్లికాని దాన్ని మరి.

బియ్యాన్ని నీళ్లు తేటపడేదాకా నాలుగైదుసార్లు కడిగేది. ఉడికాక గంజి చుక్క మిగలకుండా వార్చేది. ఆ అన్నం మల్లెమొగ్గల్లా ఉంటుందని పేటంతా చెప్పుకునేది. అది విని ఆవిడ మురిసిపోయేది.

ఆవిడ ఇంట్లో టీవీ ఎప్పుడూ మోగుతూనే ఉండేది. చూసేవాళ్లు లేకపోయినా కట్టేసేది కాదు. ఎందుకని ఒకసారి అడిగాను. తొలిచూలు కొడుకు రెండో నెలలో పోయాడట. బొద్దుగా ఉండేవాడు, పాలు బాగానే తాగేవాడు. "ఏడ్చేవోడండి. నోరు తెరిచి, మొహం ఎర్రగా చేసుకుని మరీ ఏడ్చేవోడు. సౌండే వచ్చేది కాదు." అలా గొంతు పోయిన మూడో రోజు పోయాడు. గాలి సోకిందన్నారు. పాతిపెట్టిన చోటు కూడా ఇప్పుడు సముద్రంలో కలిసిపోయింది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే వాడు ఇంకా ఏడుస్తున్నట్టే ఉంటుందని చెప్పింది. అంత విని కూడా నాకు ఏమీ తట్టలేదు, నా చదువు తగలెయ్య.

పోయిన వర్షాకాలంలో రమ్యశ్రీ అనే బాలింతను వెంటబెట్టుకుని, ఆమె కూతుర్ని ఎత్తుకుని, పెద్దింట్లమ్మే పరుగున వచ్చింది. రెండు నెలల పిల్ల. ఆయాసంతో ఎగపోస్తోంది, పెదవులు నీలంగా ఉన్నాయి. నోరు తెరిచి ఏడుస్తోంది గానీ చప్పుడు లేదు.

"ఇదేనండి, నా కొడుక్కొచ్చింది ఇదేనండి" అంటూ పెద్దింట్లమ్మ గోడకు చేరగిలబడింది.

డాక్టరు గారు పిల్లను చూసి, రమ్యశ్రీ ఏం తింటోందో అడిగి, వెంటనే థయమిన్ ఇంజెక్షన్ ఇవ్వమన్నారు. సాయంత్రానికి ఆయాసం తగ్గింది. మూడో రోజు పిల్ల బొంగురుగా ఏడ్చింది. అందరం నవ్వాం. పెద్దింట్లమ్మ నవ్వలేదు.

"ఏంటండి ఆ మందు?" అంది.

చెప్పక తప్పలేదు. థయమిన్ అంటే బి1 విటమిన్. అన్నంలోని పిండిపదార్థం ఒంట్లో శక్తిగా మారాలంటే అది ఉండాలి. లేకపోతే ఎంత తిన్నా, పొయ్యిలో కట్టెలు పేర్చి నిప్పు పెట్టనట్టే. ముందు గుండె, నరాలు దెబ్బతింటాయి. గొంతు నరం పడిపోతే ఏడుపు వినపడదు. బియ్యంలో అది ఉండేది తవుడులో. తవుడు మరలో పోతుంది. మిగిలిన కాస్తా కడిగిన నీళ్లలో, వార్చిన గంజిలో పోతుంది. పప్పో గుడ్డో తింటే కొంత దొరికేది, పథ్యం ఆ దారీ మూసేసింది. చాటుగా ఏదో తిన్న తల్లుల బిడ్డలే గట్టెక్కి ఉంటారు. ఒంట్లో రెండు మూడు వారాలకు మించి నిల్వ ఉండదు. తల్లి ఒంట్లో లేనిది పాలల్లోకి ఎక్కడినుంచి వస్తుంది?

ఆవిడ తన చేతులు చూసుకుంది. "మాయమ్మ నాకూ ఇలాగే వండిందండి" అంది. ఆ వెంటనే, "బుల్లెమ్మకి నేనే వండానండి" అంది.

బుల్లెమ్మ కథ నాకు తెలుసు. పన్నెండేళ్ల కిందట ఆమె కొడుకూ గొంతు పోయి చనిపోయాడు. తల్లి పాలు విషమని మొదట అన్నది పెద్దింట్లమ్మే. ఆ మాట పేటలో పాతుకుపోయింది. అప్పటినుంచి ఎవరూ బుల్లెమ్మ చేతికి పసిబిడ్డను ఇవ్వరు. ఆమె కూడా మళ్లీ కనలేదు. ఇప్పుడు పెద్దింట్లమ్మ ఆమెకు నిజం చెప్పేస్తానంటూ లేచింది.

"ఇప్పుడెందుకు చెప్పడం? పేట మిమ్మల్ని బతకనివ్వదు" అన్నాను, పిరికిదాన్ని.

"దాన్ని బతకనిస్తున్నారా అండి?" అంది.

నేనూ వెంట వెళ్లాను. బుల్లెమ్మ గుమ్మంలో కూర్చుని ఎండుచేపలు ఏరుతోంది. పెద్దింట్లమ్మ నిలబడే చెప్పేసింది.

"బుల్లెమ్మా, నీ పాలల్లో విషం లేదే. నేను పెట్టిన కూట్లోనే సత్తువ లేదు. ఉన్నదంతా కడిగి, వార్చి పారబోశాను. తెలీక చేశాను. కానీ చేసింది నేనే, నీ మీదకి తోసిందీ నేనే."

బుల్లెమ్మ చేతిలోని చేపను బుట్టలో పడేసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"నా పాలు మంచియేనా అండి?"

"నీ తప్పేం లేదమ్మా. నీకు తిండి సరిగ్గా పెట్టలేదు, అంతే."

బుల్లెమ్మ నోరు తెరిచింది. మొహం ఎర్రబడింది, మెడ నరాలు పొంగాయి. ఎంతసేపటికీ శబ్దం రాలేదు. పెద్దింట్లమ్మ పక్కన కూలబడి, ఆమె వీపు నిమురుతూ, "ఏడవ్వే తల్లీ, గట్టిగా ఏడవ్వే, నాకు వినపడేలా ఏడవ్వే" అని బతిమాలుతూనే ఉంది.