ఎడ్మండ్ గారి భయం

మొన్న వీడియో మీటింగ్‌లో మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి మాట్లాడబోతూ గుటక మింగింది. హెడ్‌ఫోన్స్‌లో ఆ చిన్న చప్పుడు నా చెవి పక్కనే వినిపించింది. తర్వాత తను చెప్పిందేదీ నా బుర్రకెక్కలేదు. అల్ఫారెట్టాలో మా ఇంట్లో కూర్చున్నదాన్ని, షికాగో దగ్గర నేను చదువుకున్న యూనివర్సిటీ లెక్చర్ హాల్ వెనకాల ఇరుకు గదిలోకి వెళ్లిపోయాను.

ఆ గదిలో కూర్చుని లెక్చర్లు రికార్డ్ చేయడం అప్పట్లో నా క్యాంపస్ ఉద్యోగం. అక్కడే ఎడ్మండ్ గారు పరిచయం. ఆయన బ్రిటన్ పార్లమెంటు ఎగువసభలో చాలా ఏళ్లు సభ్యుడు. ఎవరూ ఓటేసి పంపలేదు. తండ్రి పోతే పెద్దకొడుక్కి లార్డ్ అనే బిరుదుతో పాటు సభలో చోటు కూడా వచ్చే వంశం వాళ్లది. అలాంటివాళ్లలో చాలామందిని ఒక చట్టంతో సభ నుంచి పంపించేశాక, అమెరికన్ అయిన భార్య మార్గరెట్ గారితో కలిసి ఆవిడ ఊరు నేపర్‌విల్ వచ్చి స్థిరపడ్డారు. మా యూనివర్సిటీలో వారానికొక క్లాసు చెప్పేవారు.

మొదటిరోజు ఆయన కోటుకి మైక్ తగిలించాను. లోపలికెళ్లి హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే హాల్లో ఎవరికీ వినపడనివి నాకు వినపడ్డాయి. గుటక, మళ్లీ గుటక, పరిగెత్తి వచ్చిన మనిషిలా ఊపిరి. ఆ వెంటనే తొణకని గొంతుతో పాఠం. క్లాసయ్యాక మైక్ తీస్తుంటే, నాకు వినిపించిందా అని ఇంగ్లిష్‌లో మెల్లగా అడిగారు. వినిపించిందన్నాను. సభలో అన్నేళ్లూ ఎవరికీ తెలియనివ్వలేదని చెప్పి నవ్వారు.

ఆ తర్వాత నేను వైర్లు చుట్టుకుంటుంటే కాసేపు ఆగి కబుర్లు చెప్పేవారు. తండ్రి హఠాత్తుగా పోయేనాటికి ఆయన పొలాల మీద పని చేసుకుంటున్న కుర్రాడట. ఏడాది తిరక్కుండా తాతలు కూర్చున్న చోట కూర్చోవాల్సి వచ్చింది. మొదటి ప్రసంగం ముందు వాంతి చేసుకున్నారు. కొన్నాళ్లు జైళ్లు చూసే చిన్న మంత్రిగా చేశారు. ఎక్కడికెళ్లినా, నువ్వు ఇక్కడికెలా వచ్చావని ఎవరో అడుగుతారన్న భయం వదల్లేదు. చివరికి వంశపారంపర్య సభ్యుల్ని తొలగించే చట్టం వచ్చినప్పుడు ఆయన దాన్ని సమర్థిస్తూ మాట్లాడారు. చిన్నప్పటినుంచీ ఎరిగినవాళ్లు మర్నాడు భోజనాల దగ్గర మొహం తిప్పుకున్నారట. సొంత తమ్ముడు మాటలు మానేశాడట.

"అన్నేళ్లూ నేనేం మాట్లాడినా నన్ను పంపించే దారి ఎవరికీ లేదు. ఆ ఒక్కరోజే, పోగొట్టుకోవడానికి సిద్ధపడి మాట్లాడాను," అన్నారు. నాకు ఆ మాట పెద్దగా తగల్లేదు. నాది వీసా మీద బతుకు. నన్ను పంపించేయడానికి బోలెడు దారులుండేవి.

ఆ చలికాలం మా అపార్ట్‌మెంట్లలో అందరికీ తలనొప్పులు మొదలయ్యాయి. ఫ్లూ అనుకున్నాం. ఒక మధ్యాహ్నం కింది ఇంట్లో ఉండే శ్రావణి అక్క స్టవ్ దగ్గర కుప్పకూలిపోయింది. మంచం మీద ఆవిడ పాప ఎంత కదిపినా కళ్లు తెరవలేదు. అంబులెన్స్ వాళ్లు లోపలికి అడుగు పెట్టగానే వాళ్ల మీటర్ మోగింది. పాత హీటర్ నుంచి వాసన కూడా లేని విషవాయువు ఇళ్లలోకి వస్తోంది. ఇద్దరూ బతికారు. మేనేజర్ మాత్రం హీటర్ మార్చకుండా, తప్పు స్టవ్ సరిగ్గా వాడని శ్రావణి అక్కదేనన్నాడు. పుకార్లు పుట్టిస్తే ఊరుకోనని, ఎవరెవరు ఏ వీసా మీద ఉన్నారో తనకి తెలుసని తలుపు తలుపూ కొట్టి చెప్పి వెళ్లాడు. కోటు వేసుకుని, కిటికీ తీసిపెట్టి పడుకునేదాన్ని. నిద్రపోతే లేస్తానో లేదోనని కళ్లు మూయబుద్ధయ్యేది కాదు.

సిటీ కౌన్సిల్ మీటింగ్‌లో ఎవరైనా మాట్లాడవచ్చని తెలిసింది. శ్రావణి అక్కని అడిగితే తల అడ్డంగా ఊపింది.

"మా గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉంది వసుధా. వాడు ఎక్కడన్నా కంప్లైంట్ చేస్తే మేమేం గావాలె? నువ్వు కూడా పోకు."

ఎడ్మండ్ గారి దగ్గరికెళ్లి మా తరఫున ఆయన్నే మాట్లాడమన్నాను. లార్డ్ గారు చెబితే వింటారు కదా అని నా ఆశ. ఆయన ఒప్పుకోలేదు.

"నేను మాట్లాడితే వాళ్లు నా యాస వింటారు. ఆ ఇంట్లో పడుకునేది మీరు."

"నాకేమన్నా అయితే?"

"ఏమీ కాదని నేను చెప్పను. నాకు తెలియదు."

ఒళ్లు మండిపోయింది నాకు. మర్నాడు ఆయనే యూనివర్సిటీ లాయర్ దగ్గరికి తీసుకెళ్లారు. కౌన్సిల్‌లో మాట్లాడటం వీసా నిబంధనలకి విరుద్ధం కాదని లాయర్ చెప్పింది. అంతకు మించి హామీ ఇవ్వలేనంది.

మీటింగ్ రోజు ఎడ్మండ్ గారే నన్ను కారులో తీసుకెళ్లి, హాల్లో వెనకాల కూర్చున్నారు. మేనేజర్ ముందు వరసలో కూర్చుని నేను లేవగానే ఫోన్ నా మొహానికేసి పెట్టి వీడియో తీయసాగాడు. పేరు చెప్పాను. పాప కళ్లు తెరవలేదని చెప్పాను. మిగతాది ఎలా చెప్పానో ఇప్పటికీ గుర్తు రాదు. నా తర్వాత మా అపార్ట్‌మెంట్ల నుంచి ఎవరూ లేవలేదు.

వారం తిరక్కుండా ఇన్‌స్పెక్టర్లు వచ్చి హీటర్లు ఆపించారు. కొత్తవి పెట్టారు, ఇంటింటికీ అలారం బిగించారు. నా లీజు మాత్రం రెన్యూ చేయలేదు. పార్కింగ్‌లో ఎదురైతే శ్రావణి అక్క చూపు తిప్పుకునేది. పాపని మాత్రం భుజం మీదికి ఎత్తి నాకు కనపడేలా పట్టుకునేది. వర్క్ పర్మిట్ కార్డ్ చేతికొచ్చేదాకా పోస్ట్‌బాక్స్ తెరవాలంటే భయమేసేది. ఆ కార్డ్ వచ్చిన వసంతంలోనే ఎడ్మండ్ గారు పోయారు.

పరామర్శకి వెళితే మార్గరెట్ గారు నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నారు. కౌన్సిల్ మీటింగ్ రోజు ఇంట్లోంచి బయల్దేరే ముందు ఆయన రెండుసార్లు వాంతి చేసుకున్నారని చెప్పారు. మాట్లాడాల్సింది నేను. ఆయన ఊరికే కూర్చోవాల్సిన మనిషి.

రేపు మా అబ్బాయి స్కూల్ బోర్డ్ మీటింగ్ ఉంది. మాట్లాడేవాళ్ల జాబితాలో నా పేరు ఇచ్చాను. గ్రీన్ కార్డ్ ఇంకా రాలేదు. పొద్దుటినుంచి అన్నం సహించడం లేదు.