మిర్చి పెట్టె మీద మఖ్మలు గుడ్డ

సౌరశక్తి పోటీకి పోయి సూర్యుడికే అడ్డంగా గుడ్డ కప్పిన ఫిజిక్స్ లెక్చరర్ ఈ భూమ్మీద ఒక్కడే ఉంటాడు. ఆ ఒక్కణ్ణీ నేనే. ఆ గుడ్డ ఎవరో నా చేతిలో పెట్టింది కూడా కాదు. మహబూబాబాద్ బజారులో నాలుగు దుకాణాలు తిరిగి, రంగు నచ్చక రెండు రకాలు వద్దని, జరీ అంచున్న ఎర్ర మఖ్మలు రెండు మీటర్లు నేనే కోయించాను. తెలివితక్కువ పనులు చేసేవాళ్లు చాలామంది ఉంటారు గానీ, దానికి అంచు కూడా చూసుకుని కొనేవాళ్లు తక్కువ.

అప్పుడు నేను మహబూబాబాద్‌లో ఇంటర్ పిల్లలకు పాఠాలు చెప్పేవాణ్ణి. ఇల్లు జనగామలో. పొద్దున ఒక రైలు, సాయంత్రం ఒక రైలు. మధ్యలో గతిశాస్త్రం. సెకండియర్‌లో బయ్యారం దగ్గరి పల్లె నుంచి వచ్చే ఒక అమ్మాయి ఉండేది. క్లాసులో నోరు విప్పేది కాదు. ఒకరోజు గంట కొట్టాక నోటుబుక్కులోంచి చింపిన కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"సార్, ఏడాదికోపాలి మా కల్లంల మిర్చి మీద వాన పడుతది. జర గిది చూడుండ్రి."

కాగితం మీద ఒక పెట్టె బొమ్మ. పైన అద్దం, లోపల నల్లరంగు, మధ్యలో జాలీ తట్టలు, కింద గాలి లోపలికి పోను సందు, వెనక రేకు గొట్టం. ఎండకు పెట్టె కాగుతుంది, వేడిగాలి మిర్చిలోని తడిని ఎత్తుకుని గొట్టంలోంచి పైకి పోతుంది. వాన వచ్చినా అద్దం కింద మిర్చి తడవదు. తడిసిన మిర్చి తెల్లబారి తాలవుతుంది. తాలు కాయను మార్కెట్‌లో ఎవరూ మొఖమెత్తి చూడరు. గొట్టం మూతి మీద చిన్న కాగితం చక్రం కూడా గీసింది. "గాలి పైకి పోతున్నదని ఎట్ల తెలుస్తది సార్ మరి? చక్రం తిరిగితే తెలుస్తది." ఇరవై ఏళ్లుగా నేను చెప్పిన ఉష్ణసంవహన పాఠమంతా ఆ చక్రంలో ఉంది. నా పాఠంలో మాత్రం ఏనాడూ ఏదీ తిరగలేదు, పిల్లల తలలు తప్ప.

ఆ నెలలోనే భూపాలపల్లిలో విద్యార్థులకు పోటీ పెడుతున్నారని కాగితం వచ్చింది. ఎండ, గాలి, పేడ, ఏదైనా సరే, తరిగిపోని శక్తితో నడిచేదాన్ని పిల్లలే తయారుచేసి చూపాలి. బొగ్గు తవ్వే ఊళ్లో ఎండ గురించి పోటీ అంటే అత్తగారింట్లో వేరుకాపురం గురించి ఉపన్యాసం లాంటిది. కానీ బహుమతి అసలైంది. మొదటొచ్చిన నమూనాను గెలిచినవాళ్ల ఊళ్లోనే పెద్దగా కట్టించి ఇస్తారు. ఆ పిల్ల చదివి, ఇంకోసారి చదివి, "పది ఇండ్ల మిర్చి పట్టేటంతది కడ్తరా సార్?" అని అడిగింది. ఆమెకు కావలసింది ఆ పెట్టె. మా కాలేజీకి కావలసింది కప్పు. చివరికి కప్పు కోసం పోయి కప్పి వచ్చాను.

పెట్టెను ఆమె, వాళ్ల నాయిన కలిసి చేశారు. పాత తలుపు చెక్క, పాత కిటికీ అద్దం. పోటీ రోజు ట్రాలీ ఆటోలో మిర్చి పెట్టెను కట్టుకుని తెల్లారకముందే బయలుదేరి ఎనిమిదిన్నరకల్లా భూపాలపల్లి చేరాం. విశాలమైన మైదానం, వరుసగా బల్లలు, మబ్బు తునక లేని ఆకాశం. ఆమె తట్టల్లో పచ్చి పండుమిర్చి పరిచి, అద్దం తుడిచి, గొట్టం బిగించింది. నేను సంచిలోంచి మఖ్మలు తీసి పెట్టె మీద కప్పి, రిబ్బన్ కట్టాను. పదింటికి ముఖ్య అతిథి వచ్చి రిబ్బన్ కత్తిరించి ప్రదర్శన మొదలుపెడతారని కాగితంలో ఉంది. ఆయన ఆ చుట్టుపక్కల పెద్ద నాయకుడు.

"సార్, గుడ్డ తీద్దామా? పెట్టె కాగాల్నంటే మూడు గంటలు పడుతది."

"పెద్దాయన రిబ్బన్ కోసినంక తీద్దాం. ముందే తీస్తే ఏం బాగుంటది?"

"ఎండకు బాగుంటది సార్."

ఆ మాటకు నేను నవ్వాను. నవ్వి, గుడ్డ అంచు ఇంకొంచెం సర్దాను.

పదకొండయింది. తిథి చూసుకోకుండా వచ్చేవాడు అతిథి అంటారు. ముఖ్య అతిథికి తిథి ఉంటుంది, గంటే ఉండదు. నిర్వాహకుడు మైకులో "మరికొద్ది క్షణాల్లో" అని చెబుతూనే ఉన్నాడు. ఆ క్షణాలూ తరిగిపోని శక్తే, వాటితో కరెంటు తీస్తే ఊరంతా వెలిగేది. టేకుమట్లలో పెండ్లికి పోయిండట, అక్షింతలేసి వస్తడట అన్నారు. పన్నెండింటికి కార్ల బారు మా గేటు ముందు నుంచే సైరన్ వేసుకుంటూ దూసుకుపోయింది. అందరం లేచి నిలబడ్డాం. మహదేవపూర్‌లో ఏదో కొబ్బరికాయ కొట్టాలట, అది కొట్టి వస్తడట. లేచినవాళ్లం లేచినట్టే కూర్చున్నాం.

"సార్, ఇప్పుడన్న తీద్దాం. నడినెత్తిన ఉన్నడు సూర్యుడు."

"బిడ్డా, ఇంతసేపు ఆగినం. ఇంకో పావుగంట ఆగలేమా?"

ఆమె నా మొఖం వైపు చూడలేదు. పెట్టె నీడ వైపు చూసింది. నీడ పొట్టిదై, మళ్లీ పొడుగవడం మొదలైంది. సార్ మాట కాదనడం ఆ పిల్లకు నేర్పలేదు. నేర్పాల్సింది నేనే.

పక్క బల్ల మీద ఇంకో కాలేజీ పిల్లల గాలిమర జోరుగా తిరుగుతూ చిన్న బల్బు వెలిగిస్తోంది. గాలికి ఆకు కూడా కదలని మధ్యాహ్నం అది. బల్ల గుడ్డ కింద ఒక బ్యాటరీ కూర్చుని కష్టపడుతోందని అందరికీ తెలుసు. వాళ్ల సారు నన్ను చూసి, "ఏంది సార్, మీ మిర్చికి జొరమొచ్చిందా, గట్ల కప్పిండ్రు?" అన్నాడు. జ్వరమొచ్చినా బాగుండేది, కనీసం వేడెక్కేది.

మూడు దాటి నలభై నిమిషాలకు పెద్దాయన వచ్చాడు. మొదటి బల్ల దగ్గర ఒకే ఒక్క రిబ్బన్ కోశాడు, ఫోటో దిగాడు, ఫోన్ చెవికి పెట్టుకుని వేదిక వైపు పోయాడు. మా రిబ్బన్‌ను ఆయన చూడనే లేదు. నేనే కత్తెరతో కోసి, గుడ్డ లాగాను. అప్పటికి ఎండ పచ్చబడి, మైదానం చివరి భవనం నీడ మా బల్ల కాళ్ల దాకా పాకింది.

న్యాయనిర్ణేత ఒక రిటైర్డ్ ఇంజనీరు. పెట్టెలో చేయి పెట్టి చూశాడు. ఆమె గాలి ఎటునుంచి వస్తుందో, ఎటు పోతుందో ఒక్క మాట తడబడకుండా చెప్పింది. కాలేజీలో రెండేళ్లలో నేను విన్న ఆమె మాటలన్నీ కలిపినా అన్ని కావు. ఆయన గొట్టం మీది చక్రం వైపు చూస్తూ నిలబడ్డాడు. పాపం, నిజంగానే ఆగాడు. ఆమె కూడా చూసింది. నేను చూడలేక మిర్చిని చూశాను. పొద్దున తెచ్చినంత పచ్చిగా, నిగనిగలాడుతూ ఉంది.

"ఆలోచన చాల మంచిగుందమ్మా. కాని పనిచేసుడు కండ్లతోటి చూడకుంట మార్కులెట్ల వెయ్యాలె?"

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. గాలిమరకు మొదటి బహుమతి వచ్చింది. మాకు పాల్గొన్నట్టు కాగితం వచ్చింది.

సభ ముగిశాక నిర్వాహకుడి దగ్గరికి పోయి కొట్లాట పెట్టుకున్నాను. మీ పెద్దాయన ఆలస్యం వల్ల మా పిల్ల ఓడిందని గట్టిగానే అన్నాను. ఆయన తాపీగా టీ తాగుతూ విని, "మీకెవరు కప్పమన్నరు సార్? మిగిలినోళ్లంత పొద్దున్నుంచి విప్పే పెట్టుకున్నరు గద. రిబ్బన్ కోసుడు మొదటి బల్ల కాడనే అని కాగితంల రాసినం గద" అన్నాడు. కాగితం తీసి చూశాను. అట్లాగే రాసి ఉంది. దండం పెట్టమంటే సాష్టాంగపడ్డవాణ్ణి నేను. పెద్దాయన ఆలస్యం చేసింది నిజమే గానీ, ఎండను ఆపింది ఆయన కాదు.

పెట్టెను మళ్లీ ఆటోకు కడుతున్నప్పుడు ఆమె నన్ను ఇంకో ప్రశ్న అడిగింది.

"ఆ గుడ్డ ఎందుకు కొన్నరు సార్?"

కోపం లేదు గొంతులో. నిజంగానే తెలుసుకుందామని అడిగింది, గాలి ఎందుకు పైకి పోతుందని అడిగినట్టు. నేను మఖ్మలును మడిచి, జరీ అంచు కనబడకుండా సంచి అడుక్కి కుక్కాను.

మార్చిలో ఒక సాయంత్రం బయ్యారం వైపు రాళ్లవాన పడింది. మూడోనాడు ఆ పిల్ల ఊరికి పోయి చూశాను. కల్లాల నిండా టార్పాలిన్ పరదాలు, పరదాల కింద ఆవిరి, ఆవిరిలో తెల్లబారుతున్న మిర్చి. వాళ్లమ్మ తాలు కాయలను ఏరి కుప్ప పోస్తూ, "కూసోండ్రి సార్, చాయ్ పెడ్త" అంది. ఆమె ఆ మాట అనకుండా నాలుగు తిట్టి ఉంటే కూర్చునేవాణ్ణి. నిలబడే తాగి వచ్చేశాను.

మరుసటి ఏడు పోటీ కాగితం రాగానే ఆ పిల్లకు ఫోన్ చేశాను. ఆమె అప్పటికి డిగ్రీలో చేరింది, సైన్సు కాదు. ఆ పెట్టె ఉంటే ఈసారి మళ్లీ పంపుదాం, గుడ్డ గిడ్డ ఏమీ ఉండదు, నేను మాటిస్తున్నానన్నాను.

"ఆ పెట్టెను కోళ్లకిచ్చినం సార్. అద్దం తీసి జాలీ కొట్టినం. మంచిగ పొదుగుతున్నయి" అంది. నన్ను ఓదార్చడానికి కాబోలు, "లోపల వెచ్చగనే ఉంటది సార్" అని కలిపింది.

నాలుగేళ్ల తర్వాత జనగామకు బదిలీ అయింది. అక్కడ అలాంటి పోటీయే పెట్టి, నన్ను కన్వీనర్‌ను చేశారు. ముఖ్య అతిథి ఎవరని అడిగితే ఆ పెద్దాయన పేరే చెప్పారు. ఈ నాలుగేళ్లలో ఆయన ఇంకా పెద్దాయన అయ్యాడు. పిల్లలకు మాత్రం తొమ్మిదింటికే మొదలుపెట్టుకోండి, ఎవరి కోసం ఆగొద్దు అని చెప్పాను. అది పగ కాదు, ఆలస్యంగా వచ్చిన బుద్ధి.

పగ వేరే ఉంది. ముందురోజు టెంటు మనిషిని పిలిచి వేదికను పడమటి ముఖంగా వేయించాను. తర్వాత ముఖ్య అతిథి కుర్చీ వేయించి, సుద్దముక్కతో వేదిక మీద గంటగంటకూ ఎండ ఎక్కడి దాకా వస్తుందో గీతలు గీశాను. ఇన్నేళ్లు బోర్డు మీద గీసిన గీతల్లో ఒక్కటైనా పనికొచ్చింది అప్పుడే. పదింటికి వస్తే ఆ కుర్చీలో చల్లని నీడ. ఒంటిగంటకు వస్తే చెప్పుల మీద ఎండ. రెండుకు మోకాళ్ల మీద. అంతకన్నా ఆలస్యమైతే నేరుగా మొఖం మీద. ఎవరికీ అన్యాయం లేదు. ఆయనకు పట్టే ఎండ ఎంతో ఆయన చేతుల్లోనే ఉంది.

ఆయన మూడింటికి వచ్చాడు.

"ఏందయ్య గీ ఎండ?" అన్నాడు కూర్చున్న రెండో నిమిషంలో, చేతిని కండ్లకు అడ్డం పెట్టుకుని.

"సౌరశక్తి సభ గద సార్" అన్నాను.

"కుర్చీ జర ఎనుకకు జరుపుండ్రి."

"ఎనుక కరెంటు వైర్లున్నయి సార్. షాక్ కొడ్తది."

చేతిరుమాలు తడిసింది. మెడలో బంతిపూల దండ వాడింది. గంటకు తక్కువ మాట్లాడడని పేరున్న మనిషి నాలుగు నిమిషాల్లో ప్రసంగం ముగించి కూర్చున్నాడు. పిల్లలు నిజంగా సంతోషించి చప్పట్లు కొట్టారు.

సభ అయిపోయే వరకూ, అంటే ఇంకో ముప్పావుగంట, ఆయన ఆ ఎండలోనే కూర్చున్నాడు. నా కన్వీనర్ కుర్చీని ముందురోజే ఆయన పక్కన వేయించాను, ఒక అడుగు ముందుకు, ఎండ ముందుగా చేరే చోట.