బాపు పథ్యం, చెల్లె కంచం

నేను డిగ్రీ పాసైన ముచ్చట బయటోళ్లల్ల అందరికంటె ముందు తెలిసింది బోధన్ బస్సు కండక్టర్‌కు. టికెట్ కోసం చెయ్యి చాపంగనే, "అన్నా, నేను బీఎస్సీ పాసైన" అన్న. ఆయన నా దిక్కు ఒకసారి చూసి, "మంచిదమ్మా. టికెట్ ఒకటా రెండా?" అన్నడు.

రెండు. పక్కన బాపు ఉన్నడు. ఆయన ఒళ్లె పావుకిలో దూద్‌పేడల పొట్లం, అంగీ జేబుల మడత పెట్టిన డాక్టర్ కాయితం. మెమో తెచ్చుకోను నిజామాబాద్ పోతున్న అంటె, "మీ బాపును గూడ తీసుకపో, రాత్రికి నాలుగుసార్లు లేస్తున్నడు, సగమైండు" అని అవ్వనే ఎంబడి పంపింది. పొద్దుగాల రక్తం తీసుకున్నరు. నేను కాలేజీకి పోయి మెమో తీసుకొని వచ్చేసరికి రిపోర్టు వచ్చింది. సక్కెర బీమారి.

డాక్టర్ మంచిగ నిమ్మళంగ చెప్పిండు. బువ్వ తగ్గించాలె, పూటకు ఒక కప్పు, లేకపోతె ఒక జొన్నరొట్టె. సక్కెర, బెల్లం, ఆలుగడ్డ, మామిడిపండు బందు. ఆకుకూరలు, పప్పు, గుడ్లు, సల్ల తినాలె. ఇంగ్లీషుల రాసిచ్చిండు. నేను చదువుకున్నదాన్ని గద, ఊకోలేక అడిగిన, "సార్, ఇది మాకు గూడ వస్తదా?"

"తండ్రికి ఉంటే పిల్లలకు వచ్చే వీలుంటది. పెద్దయినంక జాగ్రత్తగ ఉండాలె" అన్నడు.

అప్పుడు తొంభైల నడుమ. మా వాడల డిగ్రీ పాసైన మొదటిదాన్ని నేను. బాపు సక్కెర ఫ్యాక్టరీల సీజన్ పని చేస్తడు, అవ్వ బీడీలు చుడుతది. కాలేజీల విన్న ఏ ముచ్చటైనా నా కడుపుల ఆగకపోయేది, సాయంత్రం బస్సు దిగంగనే మొదలు వెట్టేదాన్ని. వాన ఎట్ల పడతది, రక్తం ఎట్ల తిరుగుతది, అన్ని మా అవ్వ బీడీ చాట ముంగట కూసొని చెప్పేదాన్ని. అవ్వ ఆకు కత్తిరించుకుంటనే వినేది. అర్థమైందా కాలేదా నేను అడగలే, ఆమె చెప్పలే.

ఆ రోజు ఇంటికి పోయేసరికి వాకిట్ల నలుగురు ఆడోళ్లు చాటలు వెట్టుకొని కూసున్నరు.

"పాసైన్నే!" అని గేటు కాడికెల్లే ఒర్లిన.

"సూడుండ్రి, నా బిడ్డ పదిహేను తరగతులు సదివింది" అన్నది అవ్వ. చాట పక్కకు వెట్టి లేచింది.

నేను ఆగలే. అదే సంబురంల, అదే గొంతుతోని, "ఇంకోటి. బాపుకు సక్కెర బీమారి వచ్చింది. ఇది వంశంల వస్తదంట. మాకు గూడ వస్తదంట. ఇప్పటికెల్లే జాగ్రత్తగ ఉండాలె" అన్న.

"పెద్దయినంక" అన్న ఒక్క మాట నేను ఇంటికి మోసుకపోలె. కావాలని కాదు. చెప్పాలనే తొందరల అది రాలిపోయింది. ఆ మాట లేకుంటెనే ముచ్చట బలంగ ఉండె.

అప్పటికే చెల్లె పొట్లం విప్పి ఒక దూద్‌పేడ నోటిదాకా తెచ్చుకున్నది. చెల్లె నాకంటె మస్తు చిన్నది, అప్పుడు ఎనిమిదేండ్లు. అవ్వ ఆ దూద్‌పేడ దాని చేతులకెల్లి తీసుకొని, మొత్తం పొట్లం ఆడోళ్లకు పంచింది.

"మీరొక్కటన్న నోట్లె వేసుకోరాదే, పాసైంది మీ పిల్లనే గద" అన్నది పక్కింటామె.

"మా ఇంట్ల ఇగ తినరు" అన్నది అవ్వ.

మా బాపు వాళ్ల అవ్వ ఇదే బీమారితోని పోయింది. కాలి వేలుకు చిన్న దెబ్బ తాకితే అది పుండై, మానక మానక, ఆఖరికి కాలే తీసేసిండ్రు. బాపు అప్పుడు పిల్లగాడు. ఆమెను మంచం మీదికెల్లి ఎత్తి వాకిట్ల కూసోబెట్టేది బాపునే అంట. అందుకే కాయితంల ఉన్న ఒక్క కప్పు బువ్వను గూడ ఆయన ఒప్పుకోలె.

"కొంచెం ఎందుకు? బందు అంటె మొత్తం బందు" అన్నడు. "రొట్టె గూడ వద్దు. నా కాలు పోతె పోనీ, నా బిడ్డల కాళ్లు పోవద్దు. ఈ ఇంట్ల ఇగ బియ్యం ఉడకద్దు."

నాకైతె గర్వమనిపించింది. నా మాట ఇంట్ల గంత దూరం నడుస్తదని అనుకోలే. డాక్టర్ కాయితాన్ని తెలుగుల పెద్ద అక్షరాలతోని రాసి, పొయ్యి పక్క గోడకు అంటబెట్టిన. కింద ఒక గీత గీసి "అందరికి" అని గూడ రాసిన.

పొద్దుగాల గుడ్డు, పల్లీలు. పగలు పప్పు, తోటకూర. సాయంత్రం మల్ల గుడ్డు, లేకపోతె ఆనిగెపుకాయ కూర, వట్టిగ. కూర దేంట్ల కలుపుకోవాల్నో తెల్వక మొదలు చేతులు కంచంల ఊకె తిరిగేటివి. బాపు మాత్రం నెలరోజులకు మంచిగైండు. రాత్రి లేచుడు తగ్గింది, మొకంల కళ వచ్చింది. అది చూసి అవ్వ ధైర్యం తెచ్చుకున్నది.

చెల్లెకు పోయింది సద్ది. రాత్రి మిగిలిన బువ్వల సల్ల పోసుకొని, ఉల్లిగడ్డ కొరుక్కుంట తిని బడికి పోయేది రోజు. రాత్రి బువ్వ లేకుంటె పొద్దుగాల సద్ది ఎక్కడిది? గుడ్డును చేతుల పట్టుకొని తిప్పుకుంట కూసునేది.

"అక్కా, కోడి ఏం తింటది?"

"గింజలు."

"బియ్యం గింజలే గద. కోడి బియ్యం తింటది, మనం గుడ్డు తింటం. మరి బియ్యం మన కడుపులకు పోయినట్టేనా కాదా?"

అవ్వ నవ్వింది. నేను సైన్సు చెప్పిన, జీర్ణమైతది, మారిపోతది అని. అది మొత్తం విని, "బువ్వ తింటె కాలు పోతదా అక్కా?" అన్నది.

"ఇప్పుడు కాదు, ఎన్కసీరి పోతది" అన్న. నాకు అనుమానం గూడ రాలె.

నా సంగతి వేరె ఉండె. జూన్‌ల ఒక ప్రైవేటు బడిల టీచరమ్మగ చేరిన. పగటిపూట టీచర్లందరం డబ్బాలు విప్పుకునేటోళ్లం. నా డబ్బాల తోటకూర చూసి, "ఏం మేడం, ఉపాసమా?" అని తలా రెండు ముద్దలు నా మూతల వేసేటోళ్లు. నేను తినేదాన్ని. మొదలు మొహమాటానికి, తర్వాత ఆకలికి. ఇంట్ల చెప్పలే. అవ్వ గూడ బీడీల కార్ఖానాకు పోయిన రోజు తొవ్వల ఎవరింట్లనో ఒకరింట్ల చాయ్ తాగేది, సక్కెర చాయే. ఇంట్ల నలుగురం నియమం పట్టినమనుకుంటున్నం గని, పొద్దు మొత్తం పట్టింది బాపు, చెల్లె. బాపుకు బీమారి ఉండె. చెల్లెకు లేదు.

వానకాలం అయిపోయేసరికి చెల్లె లంగ నడుము కాడ రెండుసార్లు కుట్టు మార్చినం. వాళ్ల సారు ఒకసారి బజార్ల కలిసి, "మీ చెల్లె రెండో గంటకే బల్ల మీద తల వెడుతుందమ్మా, రాత్రి నిద్రపోదా?" అన్నడు. పోతది సార్ అన్న. ఇంటికొచ్చి పల్లీలు ఇంకో గుప్పెడు పెంచినం.

సద్దుల బతుకమ్మ నాడు మా ఇంట్ల బతుకమ్మ పేర్చినం గని సత్తులు దంచలే. చెరువు కాడ ఆడోళ్లు అలవాటుగ చెల్లె దోసిట్ల సత్తులు వోసిండ్రు, మక్కసత్తు, నువ్వులసత్తు, అన్నిట్ల సక్కెరనే. అది తినలే. నేను చూసిన, మెచ్చుకున్న గూడ.

మూడో రోజు పొద్దుగాల అవ్వ పిలిచింది. "ఇటు రా. మనింట్ల చీమలేందే?"

నిజమే, ఐదు నెలలకెల్లి మా ఇంట్ల చీమలే లేవు. గడప సందులకెల్లి సన్నటి లైను, గోడ పొంట పోయి చెల్లె బడి సంచిల చొచ్చింది. సంచి విప్పితే నోటుబుక్కు కాయితంల కట్టిన సత్తుల పొట్లం. సగం ఖాళీ.

"దొంగ పిల్ల!" అన్నది అవ్వ.

చెల్లె ఏడ్చింది. దొరికినందుకు అనుకున్న. అది కింద కూసొని రెండు కాళ్లు ముంగటికి చాపి, నా చెయ్యి గుంజి వేళ్ల మీద వెట్టుకున్నది. "అక్కా, జెర సూడవా. ఇంక పుండు రాలే గద? రోజుకు ఒక్క చిటికెడే తిన్న. తిన్నంక రోజు సూసుకుంటున్న."

నేను చూసిన. ఒక్కొక్క వేలు వంచి చూసిన. సన్నగ, శుభ్రంగ ఉన్నయి. అది ఏడుపు ఆపి నేనేమంటనో అని నా మొకం దిక్కే చూస్తున్నది.  

తెల్లారి బడికి సెలవు వెట్టి, దాన్ని నిజామాబాద్‌కు, అదే డాక్టర్ కాడికి తీసుకపోయిన. ఆయన కండ్ల రెప్పలు గుంజి చూసిండు, మిషిన్ మీద నిలబెట్టిండు, రక్తం పరీక్ష చేపించిండు. ఏం తింటదని అడిగిండు. చెప్పిన. అందుల నా భాగం గూడ చెప్పిన.

"ఈ పిల్లకు షుగర్ లేదు, ఆకలి ఉన్నది" అన్నడు. "ఎదిగే పిల్లకు పెద్దోళ్ల పథ్యం పెడతరా? బువ్వ, రొట్టె, పప్పు, పండ్లు, అన్ని పెట్టుండ్రి. మిఠాయి రోజు వద్దు, గంతే. మీ నాన్నకైనా నేను మొత్తం బందు చెయ్యమన్ననా?"

అనలే. వచ్చేటప్పుడు బస్సుల కండక్టర్‌కు నేనేం చెప్పలేదు. రెండు టికెట్లు అన్న, అంతే.

బాపు అప్పుడే పనికెల్లి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నడు. డాక్టర్ చెప్పిందంతా, ఈసారి ఏం రాలకుంట, మొదటికెల్లి చెప్పిన.

"మరి ఆనాడు నువ్వే సెప్తివి గద బిడ్డ?"

"చెప్పిన బాపూ. సగమే చెప్పిన. పెద్దయినంక అని డాక్టర్ అన్నడు. అది చెప్పలే."

"పదిహేను తరగతులు సదివి సగం సెప్పినవా?"

"అది సగం సెప్పింది సరే" అన్నది అవ్వ, చాటకెల్లి తలెత్తకుంటనే. "కాయితంల కొంచెం అని రాస్తె నువ్వు మొత్తం బందు జేస్తివి. నువ్వేం తక్కువ?"

బాపు తువ్వాలతోని మొకం తుడుసుకున్నడు. మస్తు సేపు తుడుసుకున్నడు. "గది కాదే" అన్నడు ఆఖరికి. "ఇంట్ల బియ్యం ఉడికితె నేను ఆగ. ఆ వాసనొస్తె నాతోని కాదు. మీరెవ్వరు తింటలేరని నేను ఆగుతున్న."

ఆ మాట ఆయన అంతకుముందు ఎన్నడు అనలే. మా కాళ్ల కోసమే అనుకున్నం మేమందరం. అందుల అది గూడ ఉన్నది, అబద్ధం కాదు.

"అంటె నీ నోటికి కాపలా ఉండనీకె పిల్ల ఎండిపోవాల్నా?" అన్నది అవ్వ.

బాపు చెల్లె దిక్కు చూసిండు. అది గోడకు ఆనుకొని కూసున్నది, బస్సుల తిరిగొచ్చి అలసిపోయి ఉన్నది. ఆయన తువ్వాల భుజం మీద వేసుకున్నడు.

"వండు. ఉడికేటప్పుడు నేను అరుగు మీద కూసుంట. అదయ్యేదాక నన్ను పిలవద్దు."

అవ్వ పక్కింట్లకెల్లి గిద్దెడు బియ్యం తెచ్చి ఎసరు వెట్టింది. గోడ మీద కాయితంల "అందరికి" అన్న మాటను నేను సున్నం ముక్కతోని రుద్దిన. పూర్తిగ పోలే.

బువ్వ వడ్డించినంక చెల్లె ముట్టలే. "నువ్వు తిను ముందు" అన్నది నాకు. నేను ముద్ద వెట్టుకున్న. అది నా నోరు చూసింది, నా కాళ్లు చూసింది. అప్పుడు తిన్నది. పప్పు కలపకముందె, వట్టి బువ్వనే మూడు ముద్దలు.

అరుగు మీదికెల్లి బాపు గొంతు వచ్చింది. "తింటున్నదా?"

"తింటున్నది" అన్నది అవ్వ.

కొంచెం సేపైనంక మల్ల, "ఇంకెంతసేపే?"

"ఇంకో ముద్ద వెట్టుకుంటున్న బాపూ" అన్నది చెల్లె, నోటినిండ బువ్వతోని.

"వెట్టుకో వెట్టుకో. నేను కూసుంట తీ."