ఆళ్లగడ్డ మీదుగా ఫిజీకి

నా చిన్నప్పుడు నంద్యాలలో మా వీధివాళ్ళందరినీ తికమక పెట్టిన ఊరు ఫిజీ. అది ఊరు కాదు, దేశమని, ఆ దేశం కూడా ఒకచోట ఉండదని, సముద్రంలో చెల్లాచెదురుగా పడివున్న దీవులన్నీ కలిపి ఒక దేశమని పక్కింటి అక్క ఎంత చెప్పినా మా బుర్రలకు ఎక్కేది కాదు. నర్సు చదువు ముగించిన అక్కకు ఆ దీవుల్లో ఒకచోట ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. వచ్చిన రోజు నుంచి మా అరుగు మీద అదే చర్చ.

మద్రాసు దాకా రైలు. అక్కడి నుంచి సింగపూరుకు ఒక విమానం, ఆస్ట్రేలియాకు ఇంకొకటి, ఫిజీకి మరొకటి. అక్కడికైనా అయిపోతుందా అంటే, లేదు. దిగిన ఊరి నుంచి సముద్రం పక్కనే బస్సులో సువా అనే పట్నానికి వెళ్ళాలి, సువాలో పడవెక్కి అక్క పనిచేసే దీవికి చేరాలి. విమానం దిగే ఊరిని అక్కడివాళ్ళు 'నంది' అంటారని అక్క చెప్పగానే వాళ్ళ నాయన, "నంది కోసం అంత దూరమెందుకు? మన నంద్యాల చుట్టూ తొమ్మిది నందులుండాయి గదా!" అన్నాడు. అక్క పనిచేసే దీవి మీద ఒక గీత ఉంటుందట, దానికి అటూ ఇటూ కాళ్ళు పెట్టి నిలబడితే ఒక కాలు ఇవాళలోనూ ఒక కాలు నిన్నలోనూ ఉన్నట్టట. మా అవ్వ చాలాసేపు ఆలోచించి, "అయితే ఆదివారం చర్చికి ఏ కాలుతో పోవాల?" అని అడిగింది.  దానికి జవాబు నాకైతే ఇప్పటికీ తెలియదు.

నవ్వులు నవ్వులుగానే ఉన్నా, అక్క మాత్రం ఆ రోజుల్లో సరిగ్గా అన్నం తినేది కాదు. వాళ్ళ నాయన ససేమిరా ఒప్పుకోలేదు. ఆయన చెడ్డవాడు కాదు, కూతురంటే ప్రాణం. అక్కేమో కొత్త మనిషి కనబడితే చాలు, తల వంచుకుని గోడ వైపు జరిగే రకం. "నంద్యాల బస్టాండులో ఆళ్లగడ్డ బస్సు యాడుంటాదో అడిగేదానికి నోరు రాదు, ఈమె సముద్రాలు దాటుతాదంట! బాస రాని చోట పడిపోతే లేపేదెవరు?" అనేవాడు. 

అప్పుడు మా అవ్వ ఒక ఉపాయం పన్నింది. ఆళ్లగడ్డలో శిల్పులుండే వీధి పక్కన మా అవ్వ తమ్ముడి ఇల్లు. అవ్వ, అక్క వాళ్ళ నాయన పొద్దున్నే అక్కడికి వెళ్ళిపోతారు. వెనకాల అక్క నంద్యాల నుంచి బయలుదేరి రావాలి. కాకపోతే ఆ రోజంతా అక్కకు తెలుగు రాదు, ఉర్దూ రాదు. ఇంగ్లీషు మాట్లాడుకోవచ్చు. ఫిజీకి పోయినట్టే ఆళ్లగడ్డకు రావాలన్నమాట. దీపాలు పెట్టే వేళకు చేరితే ఆయన ఉద్యోగానికి ఒప్పుకోవాలి, చేరకపోతే అక్క ఆ ఊసే ఎత్తకూడదు. తోడుగా నన్ను పంపింది. నాకు ఇంగ్లీషు రాదు కాబట్టి నేను మూగదాన్ని! వీధిలో వసపిట్ట అని పేరున్నదాన్ని నేను. నా పాట్లు మీరే ఊహించుకోండి.

బస్టాండులో అక్క పాత పద్ధతే చేసింది. ఎవరినీ అడగలేదు. అంతా తెలిసినదానిలా తలెత్తుకుని, కదలబోతున్న బస్సు ఒకటి ఎక్కేసింది. ఊరు దాటాక కండక్టరు వచ్చాడు. అక్క "ఆళ్లగడ్డ" అంది. "ఇది బండి ఆత్మకూరు బస్సమ్మా! ఆళ్లగడ్డ అటు, ఇది ఇటు. దిగు దిగు," అన్నాడాయన. అక్క చక్కగా నవ్వి తలూపి కిటికీలోంచి పొలాలు చూడసాగింది.

నాకు మతి పోయింది. ఆయన చెప్పింది అక్కకు వినబడింది, నాకూ వినబడింది. మరి దిగదేం? కొంగు పట్టి లాగాను, కాలు తొక్కాను. అక్క కదలలేదు. ఆమె లెక్క ఏమిటో తర్వాత తెలిసింది. తెలుగు రానివాళ్ళకు కండక్టరు చెప్పింది అర్థం కాదు, కాబట్టి మాకూ అర్థం కాకూడదు. చూసేవాళ్ళు లేకపోయినా దేవుడు చూస్తాడు కదా అని ఆమె నమ్మకం. ఓయమ్మా, అంత నిజాయితీ ఉన్నవాళ్ళతో ప్రయాణం చేయకూడదండీ!

బస్సంతా మా మీద పడింది. మాకు భాష రాదనుకున్నాక ఇక వాళ్ళకు మొహమాటమేముంది? మలయాళం నర్సు అయ్యుంటుందని ఒకరు, కాదు, ఇంట్లో చెప్పకుండా వచ్చేసినట్టుందని ఇంకొకరు. మా ముందు సీట్లో గాజుల బుట్ట ఒళ్ళో పెట్టుకున్న ఒక ముసలామె వెనక్కి తిరిగి, "మొగం బాగుండాది గానీ, ముక్కు సూడు, మిరక్కాయ బజ్జీ అతికించినట్టుండాది," అంది. నన్ను చూసి, "ఈ పిల్లకు పాపం తెలివి తక్కువనుకుంటా, నోరు తెర్సుకొని సూస్తాంది," అని కూడా అంది. నోరు మూసుకున్నాను. మూసుకుంటే భాష అర్థమైందని తెలిసిపోతుందేమోనని మళ్ళీ తెరిచాను. ఏం చేస్తే తప్పో, ఏం చేస్తే ఒప్పో నాకు తెలియడం మానేసింది.

బండి ఆత్మకూరులో అందరూ దిగిపోయారు. మేమూ దిగి నిలబడ్డాం. ఎండ మాడ్చేస్తోంది.  ఎటు చూసినా మన మనుషులే, మన మాటలే. ఒక్క మాట తెలుగులో అడిగితే అయిపోతుంది. కానీ అడిగితే ఫిజీ కూడా అయిపోతుంది. చివరికి ఆ గాజులామె ముందు రెండు చేతులూ చాపి, "ఐ డోంట్ నో," అని ఏడ్చేసింది. కొత్త మనిషి కళ్ళలోకి అక్క అలా సూటిగా చూడడం అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు.

గాజులామె బుట్ట కింద దించింది. "అదేం మాటో నాకు తెల్దు గానీ, తప్పిపోయినాదని మాత్రం తెల్సింది," అని అక్కడున్నవాళ్ళతో చెప్పి అక్క చెయ్యి పట్టుకుంది. ఉర్దూలో అడిగి చూసింది, సైగలతో అడిగింది. అక్క "ఆళ్లగడ్డ, ఆళ్లగడ్డ" అంటూనే ఉంది. ఆమె నావైపు తిరిగి, "ఆకలైతాందా బిడ్డా?" అంది. నేను టక్కున తలూపాను! ఊపాక గానీ చేసిన తప్పు తెలియలేదు. ఆమె మాత్రం మూట విప్పి నాకు జొన్నరొట్టె పెడుతూ, "ఆకలి మాట యా బాసోళ్ళకైనా తెలుస్తాది," అని నవ్వింది.

ఆ రోజు ఆమె గాజులమ్మడం మానేసింది. మమ్మల్ని నంద్యాలకు తిరిగి తీసుకొచ్చింది. ఆళ్లగడ్డ బస్సెక్కించి వెళ్ళిపోతుందనుకుంటే, మా ఇద్దరి ముఖాలూ చూసి ఏమనుకుందో, తిట్టుకుంటూ తనూ ఎక్కి కూర్చుంది. శిరివెళ్ల దాటేసరికి పొద్దు వాలింది. ఆళ్లగడ్డలో దిగేసరికి శిల్పుల వీధిలో ఉలి చప్పుడు ఆగిపోయింది, ఇళ్ళలో దీపాలు వెలిగాయి. మేం ఓడిపోయాం.

వాకిట్లోనే అక్క వాళ్ళ నాయన అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఆయన నోరు తెరిచేలోగానే గాజులామె ఆయన మీద పడింది. "నీ బిడ్డేనా ఇది? బాస రాని పిల్లను ఒంటిగా ఇడ్సిపెట్టి ఈడ నిలబడుకోనుండావే, నువ్వు మనిషివేనా అప్పా? నేను లేకుంటే ఏమైపోతాండె?" ఆయన నిలువు గుడ్లేసుకుని చూస్తుండగా అక్క ఇక ఆగలేక, "నాయనా!" అని వెళ్ళి పట్టుకుంది. ఆలస్యమైందని, తప్పు తనదేనని, గడగడా తెలుగులో చెప్పేసింది.

గాజులామె చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "నీకు తెలుగు వస్తాదా?" అని మెల్లగా అడిగింది. ఆమె ముఖం చిన్నబోయింది. దినమంతా తనను ఆటపట్టించారనుకుంది పాపం. మా అవ్వ గబగబా వచ్చి ఆమె చేతులు పట్టుకుని సంగతంతా మొదటి నుంచి చెప్పింది. ఫిజీ అనేది ఆమెకు ఎంత అర్థమైందో నాకు తెలియదు. విన్నంతసేపూ అక్కనే చూసింది. ఆఖరికి, "అట్లయితే, నేను నీ ముక్కును అన్న మాట ఇన్నావా?" అంది. అక్క తల వంచుకుని, "ఇన్నా," అంది.  ఆ ముసలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్విన నవ్వుకు పక్కిళ్ళవాళ్ళంతా బయటికొచ్చారు.

అవ్వ ఆమెను ఆ రాత్రికి ఉంచేసుకుంది. అందరి భోజనాలూ అయ్యాక అక్క వాళ్ళ నాయన మెట్టు మీద కూర్చుని, ఎవరి వైపూ చూడకుండా అన్నాడు: "పో బిడ్డా. ఇట్లాంటి ముసల్ది ఆడ గూడా ఒకతె ఉంటాదిలే."

అక్క వెళ్ళింది. అక్కడే స్థిరపడింది. నేను ఇన్నేళ్ళకు, మోకాళ్ళ నొప్పులతో, మొన్న వేసవిలో ఆమెను చూడడానికి బయలుదేరాను. నందిలో దిగాను. కిటికీలకు అద్దాలు లేని బస్సులో సముద్రం పక్కనే సువాకు వచ్చాను. రేవులో నాలుగు పడవలు కనబడ్డాయి. ఏది నాదో తెలియలేదు. చదువుకున్నదాన్ని, టీచరుగా రిటైరైనదాన్ని, అడిగితే చులకనైపోనూ అని ఒక్క నిమిషం తలెత్తుకుని నిలబడ్డాను. అంతలోనే బండి ఆత్మకూరు గుర్తొచ్చింది. కనబడిన మొదటి ఆవిడ ముందు రెండు చేతులూ చాపి, అక్క ఉండే దీవి పేరు చెప్పి, నాకేమీ తెలియదమ్మా అన్నాను. ఆవిడ నా సంచి తీసి తన భుజానికి తగిలించుకుని నడిచింది.

పడవలో ఎదుటి బల్ల మీద కూర్చున్న ఆడవాళ్ళు నన్ను చూస్తూ వాళ్ళ భాషలో ఏదో అనుకుని ఒకటే నవ్వారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, ఈసారి నిజంగానే. నేను వేలితో నా ముక్కు చూపించి, దీని గురించేనా అన్నట్టు తలెగరేశాను. వాళ్ళు పగలబడి నవ్వి, పక్కకు జరిగి నాకు చోటిచ్చారు.